కాగితం బొంత

ఒరేయ్,

కార్డు అందిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "ఇది కుట్టిందా, అతికించిందా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. బాగుందని ఒక మాట అంటే నీ సొమ్మేం పోయేదిరా? సరే, జవాబు: రెండూ. ముందు అతికించాను, తర్వాత కుట్టాను, మధ్యలో రెండుసార్లు చింపి పారేశాను. మీ అక్కకి నువ్వూ ఒకటి చేస్తానంటున్నావు కాబట్టి, నేను పడ్డ పాట్లు నువ్వు పడకుండా వివరంగానే రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

గుడ్డ ముక్కలతో బొంత కుట్టినట్టు కాగితం ముక్కలతో కార్డు చేద్దామన్న బుద్ధి డ్రాయరు సర్దుతుంటే పుట్టింది. గిఫ్టు చుట్టిన కాగితాల ముక్కలు, పాత కేలండరు, ఒక కట్ట ఖాళీ కవర్లు. కవరు లోపలివైపు ఎప్పుడైనా చూశావా? లోపలి రాత బయటికి కనపడకుండా సన్నటి నీలం గళ్లో, చుక్కలో, మెలికల గీతలో అచ్చు వేస్తారు. కాస్త దూరంగా పెట్టి చూస్తే అచ్చం అద్దకం గుడ్డే. ఇంత చక్కటి కాగితాన్ని ఇన్నేళ్లూ చింపి బుట్టలో వేశానే అనిపించింది.

మొదట అందరూ చేసేదే చేశాను. 3 సెంటీమీటర్ల చదరాలు తొమ్మిది, మూడు వరసలు, అంతా కలిపి 9 సెంటీమీటర్ల చదరం. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు అనుకున్నా. ఒక్కో చదరం పెన్సిల్‌తో గీసి కత్తెరతో కత్తిరించాను. గీత మీద కత్తిరించిందొకటి, గీత పక్కన కత్తిరించిందొకటి. తేడా అర మిల్లీమీటరే, కానీ మూడో వరసకి వచ్చేసరికి మూలలు కలవవు, ఒకచోట సందు, ఒకచోట ముక్క మీద ముక్క. గుడ్డయితే కుట్టేటప్పుడు కాస్త లాగితే సర్దుకుంటుంది. కాగితం సాగదు, మన మాట వినదు. అది చింపేశాను.

రెండోసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని స్కేలు, కట్టరుతో కోశాను. కొలతలు కుదిరాయి. ఉన్నవాటిలోకల్లా అందమైన కాగితాలన్నీ వాడాను. తీరా చూస్తే డిజైనే కనపడదు! ఎర్రపూలు, ఆకుపచ్చ ఆకులు, నీలం గళ్లు, అన్నీ ఒకదాన్ని మించి ఒకటి అరుస్తున్నాయి. విషయం ఏమిటంటే బొంతలో డిజైన్ని చూపించేది రంగు కాదు, లేతకీ ముదురుకీ ఉన్న తేడా. ఎరుపు, ఆకుపచ్చ మనకి ఎంత వేరుగా కనిపించినా, రెండూ సమానంగా ముదురైతే పక్కపక్కన పెడితే కలిసిపోతాయి. కళ్లు సగం మూసి చూస్తే తెలిసిపోతుంది. నీకు నమ్మకం కుదరకపోతే ముక్కలన్నీ పరిచి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తియ్యి. నేనది అతికించాక తీశాను. అతికించకముందు తియ్యాలి.

నీకు వచ్చిన కార్డు మూడోది. ఆ డిజైన్ పేరు లాగ్ క్యాబిన్, అంటే దుంగల ఇల్లు. అమెరికాలో 1860ల నుంచీ బాగా వాడుకలో ఉన్న బొంత నమూనా. మధ్యలో చిన్న చదరం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు పట్టీలు. మధ్య చదరం ఎర్రగా పెడితే అది ఇంట్లో పొయ్యి అని చెబుతారు. నాకు ఇది నచ్చింది పొయ్యి కోసం కాదు, లెక్క కోసం.

మధ్య చదరం 2 సెంటీమీటర్లు. పట్టీలన్నీ 1 సెంటీమీటరు వెడల్పు. మొదటి చుట్టులో పట్టీల పొడవులు 2, 3, 3, 4. రెండో చుట్టులో 4, 5, 5, 6. మూడో చుట్టులో 6, 7, 7, 8. అంతే, 8 సెంటీమీటర్ల చదరం తయారు. ప్రతి చుట్టులోనూ మొదటి రెండూ లేత రంగు, తర్వాతి రెండూ ముదురు. అలా పెడితే చదరం ఐమూలగా సగం వెలుగు, సగం నీడ అయి కూర్చుంటుంది. లేత పట్టీలన్నీ కూడితే 27 సెంటీమీటర్లు, ముదురువి 33. ఎ4 కాగితం పొడవు 29.7 కదా, లేతకి ఒక్క పట్టీ చాలు, ముదురుకి రెండు కావాలి. గుడ్డతో అయితే కుట్టు మడత కోసం ప్రతి అంచుకీ సుమారు 6 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, మనకి ఆ గొడవ లేదు.

ఇంకో మాట. ఈ పొడవులు నీకు లెక్క తెలియడానికి చెప్పాను కానీ, పట్టీలు ముందే కొలిచి కొయ్యకు. పొడుగు పట్టీని అంచుకి ఆనించి పెట్టు, ఎక్కడికి సరిపోతుందో అక్కడే కొయ్యి, అతికించు, తర్వాతది పట్టుకో. అప్పుడు మొదటి ముక్కలో చేసిన తప్పు చివరిదాకా పేరుకుపోదు. నా మొదటి కార్డుని ముంచింది ఆ పేరుకుపోవడమే.

ముక్కల్ని నేరుగా కార్డు మీద అతికించొద్దు. ముందు పల్చటి తెల్లకాగితం మీద అతికించి, ఆరాక అంచులు సమంగా కోసి, దాన్ని కార్డుకి డబుల్ సైడ్ టేపుతో అంటించు. జిగురు విషయంలో పిసినారిగా ఉండు. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, కాగితంలో నార ఆ నీళ్లు తాగి అడ్డంగా ఉబ్బుతుంది, కార్డు అప్పడంలా వంకర తిరుగుతుంది. గ్లూ స్టిక్ మేలు. అతికించాక రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద పెట్టు, తొందరపడి తీసి చూడకు.

కార్డుకి 250 జీఎస్‌ఎమ్ (అంటే చదరపు మీటరుకి 250 గ్రాముల బరువు) దళసరి కాగితం ఎ5 సైజుది, అంటే ఎ4లో సగం, తీసుకుని మధ్యకి మడిస్తే 10.5 బై 14.8 సెంటీమీటర్లు అవుతుంది, సి6 సైజు కవర్లో చక్కగా దూరుతుంది. మడిచే ముందు రెండువైపులా కొంచెం వంచి చూడు. ఎటు సులువుగా వంగితే నార అటు ఉన్నట్టు, మడత అటే వస్తే అంచు పగలదు. స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత లాగి మడువు.

ఇక కుట్టు. నేరుగా సూది దింపితే కాగితం నలుగుతుంది. ముందు 3 మిల్లీమీటర్లకొకటి చొప్పున చిల్లులు పొడుచుకోవాలి. నేను మొదట అందంగా ఉంటుందని మరీ దగ్గర దగ్గరగా పొడిచాను, దారం లాగగానే పోస్టు స్టాంపు అంచులా బర్రున ఊడొచ్చింది. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, రెండే విడదీసి వాడు. కుట్టింది మధ్య ఎర్ర చదరం చుట్టూనూ, బయటి అంచునూ మాత్రమే. నీకు కుట్టే ఓపిక లేకపోతే జెల్ పెన్నుతో చిన్నచిన్న గీతలు గియ్యి, నేనెవరికీ చెప్పనులే.

అన్నట్టు, దీనికి తలకిందుల వ్యవహారం ఒకటి ఉంది. బ్రిటన్‌లో 1718 నాటి పట్టు దుప్పటి ఒకటి ఉంది, అంతా అతుకుల పని. ఆ పద్ధతిలో ఒక్కో కాగితం ముక్కకి గుడ్డ చుట్టి టాకా వేసి, వాటి అంచులు కలిపి కుడతారు. దాని లోపల ఆ కాగితాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇలా కాగితాలు తియ్యకుండా వదిలేసిన పాత బొంతల్లో చేతిరాత ఉత్తరాల ముక్కలు కూడా దొరుకుతుంటాయి. వాళ్లు బొంతలో ఉత్తరాలు దాచారు, నేను ఉత్తరం మీద బొంత వేశాను.

మీ అక్క కార్డుకి ముదురు కాగితం ఎక్కడ వెతకాలా అని బెంగ వద్దు. ఈ ఉత్తరం వచ్చిన కవరు లోపలివైపు చూడు, ముదురు నీలం గళ్లు. కావాలనే ఏరి పంపాను. అంచు మెల్లగా విప్పి పరిస్తే నీ 33 సెంటీమీటర్లూ వచ్చేస్తాయి.

కవరు చింపేశావా? నాకు తెలుసురా.

ఇట్లు,
నీ మిత్రుడు