రాజ్యసభ వార్తలో ఆ రోజు ఎజెండా ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో మీ పత్రికలో రాజ్యసభ వార్త చదివితే, నిన్నటి పేపరే మళ్లీ వేశారా అని అనుమానం వస్తుంది. విపక్షాల నినాదాలు, వెల్‌లోకి దూసుకెళ్లిన సభ్యులు, సభ రేపటికి వాయిదా. పక్కన ప్లకార్డుల ఫొటో. ఇంతే. ఆ రోజు సభలో అసలు ఏమేం జరగాల్సి ఉండిందో, వాయిదాతో అందులో ఏది పోయిందో ఒక్క ముక్క ఉండదు.

నేను పంచాయతీరాజ్ శాఖలో టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో సగం సర్వసభ్య సమావేశాల ఎజెండాలు తయారు చేయడంలోనే గడిచిపోయింది. అరిచిన సభ్యుడి పేరు మరుసటి రోజు పేపర్లో వచ్చేది. వాయిదా పడిన తాగునీటి బోర్ల అంశం మా ఫైల్లో ఉండిపోయేది. ఆ అలవాటుకొద్దీ ఇప్పుడు సంసద్ టీవీలో రాజ్యసభ చూస్తుంటాను. మధ్యాహ్నం వరకు రిమోట్ నాది, సీరియళ్ల వేళకు కోడలికి ఇచ్చేయాలి.

ముందుగా ఒక సవరణ. గత సమావేశాల్లో మీరు "ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాలతో రాజ్యసభ ప్రారంభమైంది" అని రాశారు. అది లోక్‌సభ పద్ధతి. రాజ్యసభలో 2014 నవంబరు నుంచి ప్రశ్నోత్తరాలు మధ్యాహ్నం 12 గంటలకు జరుగుతున్నాయి. పొద్దున్నే గొడవలతో ఆ గంట కాస్తా కొట్టుకుపోతోందని అప్పటి ఛైర్మన్ హమీద్ అన్సారీ గారి హయాంలో మార్చారు. (గొడవ కూడా కొన్నిసార్లు పన్నెండుకు మారింది లెండి.) గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు మీ పేపర్ చూసి నోట్సు రాసుకుంటారు, అందుకే చెబుతున్నాను.

ఇప్పటి పద్ధతిలో 11కి సభ మొదలవగానే మంత్రులు తమ శాఖల పత్రాలు సభ ముందు ఉంచుతారు, కమిటీల నివేదికలు వస్తాయి. ఆ వెంటనే జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. దానికి ముందుగా నోటీసు ఇచ్చి, ఛైర్మన్ అనుమతి తెచ్చుకోవాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మూడో నిమిషం దాటితే మైకు దానంతటదే ఆగిపోతుంది, పెదాలు మాత్రం కదులుతుంటాయి. నాకు ఆ ఏర్పాటు చాలా నచ్చింది. మా సమావేశాల్లో అలాంటి మైకు ఒక్కటి ఉండి ఉంటే రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే బాధ తప్పేది.

పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ప్రశ్నోత్తరాలు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి, రోజుకు పదిహేను. జవాబు ముందే అచ్చయి ఉంటుంది కాబట్టి మంత్రి లేచి, ప్రకటన సభ ముందు ఉంచామని ఒక్క మాట చెప్పి కూర్చుంటారు. అసలు కథ ఆ తరువాత అనుబంధ ప్రశ్నలతో మొదలవుతుంది. "పరిశీలనలో ఉంది" అని రాసుకొచ్చిన మంత్రిని "ఎన్నాళ్ల నుంచి? ఏ దశలో?" అని నిలబెట్టి అడిగేది అక్కడే. సభ వాయిదా పడితే రాతపూర్వక జవాబు ఎలాగూ సభ ముందు ఉంచినట్టే లెక్క, వెబ్‌సైట్‌లోనూ పెడతారు. పోయేది ఆ నిలదీత. మీ వార్తలో మాత్రం ఈ తేడా కనిపించదు. ప్రశ్నే మాయమైందన్నట్టు రాస్తారు, లేదా ప్రశ్న ఒకటి ఉండిందనే రాయరు.

ఇంకో సంగతి ఉంది, మా జిల్లాకు ఇదే ముఖ్యం. కేంద్ర మంత్రిత్వ శాఖలను అయిదు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. అంటే జలశక్తి శాఖ వంతు వారానికి ఒక్కసారే. హెచ్చెల్సీ (తుంగభద్ర డ్యాం నుంచి మా జిల్లాకు నీళ్లు తెచ్చే ఎగువ కాలువ) మీదో, ఎగువ భద్ర (కర్ణాటక కడుతున్న ఎత్తిపోతల ప్రాజెక్టు) మీదో ఒక సభ్యుడు పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి, లాటరీలో పేరు వచ్చి, జాబితాలో పైన చోటు దొరికాక, ఆ రోజే మరేదో గొడవతో సభ వాయిదా పడిందనుకోండి. మరునాడు జలశక్తి మంత్రి జవాబు చెప్పరు, వేరే శాఖల వంతు వస్తుంది. మళ్లీ వారం ఆగాలి, మళ్లీ లాటరీ. ఎగువ భద్రకు 2023-24 కేంద్ర బడ్జెట్‌లో రూ.5,300 కోట్లు ప్రకటించినప్పుడు సీమలో ఎంత ఆందోళన జరిగిందో మీరే రాశారు. ఆ సమావేశాల్లో జలశక్తి వంతు రోజులు ఏవి, వాటిలో ఎన్ని సాఫీగా సాగాయి అన్నది కూడా అప్పుడే రాసి ఉంటే బాగుండేది.

తుంగభద్ర డ్యాం 19వ గేటు సంగతి ఎవరూ మరిచిపోలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి కొట్టుకుపోయింది. ఆగస్టు 12 దాకా జరగాల్సిన పార్లమెంటు సమావేశాలను అంతకు ముందురోజే, 9వ తేదీనే, నిరవధికంగా వాయిదా వేసేశారు. ఆ 12వ తేదీన సభ ఉండి ఉంటే నోటీసు ఇచ్చి జీరో అవర్‌లో మూడు నిమిషాలు అడగడానికి వీలుండేది. తరువాత సభ కూర్చున్నది నవంబరు 25న. ఇక్కడేమో గేటు వార్త వినగానే, ఈసారి కాలువకు నీళ్లు వస్తాయో రావోనని ఊరూరా టెన్షన్. సభ ఒకటి రెండు రోజులు ముందుగా ముగిస్తే ఏం పోతుందిలే అనుకునేవారికి ఇది చెప్పాలనిపించింది.

మీరు వేసే ఖాళీ కుర్చీల ఫొటో గురించి కూడా ఒక మాట. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యుల సొంత బిల్లులకు, తీర్మానాలకు కేటాయిస్తారు. చాలామంది అప్పటికే విమానాశ్రయం దారి పడతారు, నిజమే. కానీ అప్పుడు కూర్చున్న కొద్దిమంది ఏం మాట్లాడుతున్నారో రాయకుండా కుర్చీలు లెక్కపెట్టడం ఏమిటి? మన ప్రత్యేక హోదా బిల్లు 2016లో రాజ్యసభలో చర్చకు వచ్చింది ఈ శుక్రవారం లెక్కలోనే. అది ద్రవ్య బిల్లు (ప్రభుత్వ పన్నులు, ఖర్చులకు సంబంధించిన బిల్లు) అవునా కాదా అన్న పేచీ అక్కడే పుట్టింది. అసలు ఆ హోదా మాట అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు 2014 ఫిబ్రవరి 20న చెప్పింది ఈ సభలోనే, రాయలసీమ, ఉత్తరాంధ్రలకు ప్రత్యేక ప్యాకేజీ మాట కూడా ఆ ప్రకటనలోనిదే. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు ఏమయ్యాయో చూడటానికి ఒక కమిటీ ఉంది. దాని నివేదిక మీద మీ పేపర్లో వార్త చూసిన గుర్తు నాకు లేదు.

తెలుగులో మాట్లాడేవారి సంగతీ అంతే. ముందుగా తెలియజేస్తే రాజ్యసభలో తెలుగులో మాట్లాడవచ్చు, వెంటవెంటనే అనువాదం ఉంటుంది. వెంకయ్యనాయుడు గారు ఛైర్మన్‌గా ఉండగా 2018లో ఈ సౌకర్యాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ విస్తరించారు. మన సభ్యులు తెలుగులో అన్న మాటలను అన్నట్టుగా మీరు అచ్చు వేయవచ్చు. ఢిల్లీ నుంచి ఏజెన్సీ ఇంగ్లిషులో పంపిన వార్తను మళ్లీ తెలుగు చేసుకోవాల్సిన పనేముంది?

నేను అడిగేది పెద్దదేం కాదు. సభ కార్యక్రమాల జాబితా ముందురోజే రాజ్యసభ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సమావేశాల రోజుల్లో జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. ఈ రోజు ఏ శాఖల వంతు, ఆంధ్ర సభ్యుల ప్రశ్నలు ఏవి. మరునాడు వాటిలో మంత్రి నోటితో జవాబు చెప్పినవెన్ని, కాగితం మీదే మిగిలినవెన్ని. వాయిదా పడితే ఏ అంశం దగ్గర పడింది. రాజ్యసభలో ఆంధ్రకు ఉన్నది పదకొండు మంది. ఇదంతా ఒక సబ్ ఎడిటర్‌కు అరగంట పని.

రోజూ కుదరదంటారా, ఏ శాఖ వంతు ఏ రోజో సమావేశాలకు ముందే తెలిసిపోతుంది కాబట్టి, కనీసం జలశక్తి, వ్యవసాయం వంతు వచ్చే రోజులైనా ఈ వివరాలు వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ సూపరింటెండెంట్,
అనంతపురం