సంక్రాంతి సకినాలు ఈసారి ఎందుకు లేవంటే

పండుగకు మా దగ్గర సకినాలు, గరిజెలు చెప్పుకున్న వాళ్లందరికీ ముందు అసలు సంగతి: ఈ సంక్రాంతికి మేము పంపలేము. అడ్వాన్సు ఇచ్చిన వాళ్లకు పైసాతో సహా తిరిగి ఇస్తాం. మాఘమాసం పెళ్లిళ్లకు సారె కోసం చెప్పినవి మాత్రం అందుతాయి.

ఈపాటికి నల్లగొండలో సగం మందికి ఏదో ఒక కథ చేరే ఉంటుంది. ప్రకాశం బజారులో ఒకావిడ మా అత్తమ్మను ఆపి, మీ కోడలికి నెలలు నిండకుండానే కాన్పు అయిందట కదా అని అడిగింది. కాలేదు. బిడ్డ కడుపులోనే ఉంది, రాత్రంతా నన్ను నిద్రపోనివ్వకుండా తంతోంది. ఇంకొకరు, పొద్దస్తమానం నువ్వుల మధ్య కూర్చుంటే వేడి చేయదా అన్నారట. వీటికి నేను నవ్వి ఊరుకునేదాన్ని. కానీ పైసల ఆశకు కడుపులో బిడ్డను కూడా చూసుకోలేదని ఒకరన్న మాట నా దాకా వచ్చింది. అందుకే నేనే రాస్తున్నాను.

33వ వారం నడుస్తుండగా ఒక రాత్రి నడుములో నొప్పి మొదలైంది. పొట్ట గట్టిపడుతోంది, కాసేపటికి వదులుతోంది. దొంగ నొప్పులే అన్నది అత్తమ్మ. అవైతే నీళ్లు తాగి పక్కకు తిరిగి పడుకుంటే తగ్గిపోతాయి. ఇవి తగ్గకపోగా దగ్గరదగ్గరగా రావడం మొదలైంది. అప్పుడే బయలుదేరాం. ఆసుపత్రిలో పొట్టకు బెల్టు కట్టి నొప్పులు, బిడ్డ గుండె చప్పుడు చూశారు. స్కానింగ్ చేసి గర్భాశయ ముఖద్వారం ఇంకా తెరుచుకోలేదన్నారు. 37 వారాలు నిండకముందు వచ్చే కాన్పు ఏదైనా నెలలు నిండని కాన్పే కాబట్టి, ఒకవేళ ఆగకపోతే బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండాలని పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజక్షన్లు ఇచ్చారు. అవి పనిచేసే దాకా నొప్పులను ఆపి ఉంచడానికి నిఫెడిపిన్ మాత్రలు. ముదిరితే హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు, అంత చిన్న బిడ్డను పుట్టాక తీసుకెళ్లడం కంటే కడుపులో ఉండగా వెళ్లడమే నయం అని డాక్టరమ్మ చెప్పినప్పుడు మాత్రం నా కాళ్లు చల్లబడ్డాయి. నార్కట్‌పల్లి మీదుగా వంద కిలోమీటర్లు.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెలలో పుడితే దక్కదు అని మన వైపు ఒక మాట ఉంది. సరిగ్గా ఆ రాత్రే పక్క మంచం దగ్గరి పెద్దావిడ దాన్ని నా చెవిన వేసింది. డాక్టరమ్మ విని, అది తప్పు, లోపల గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే అని గట్టిగానే చెప్పారు. హైదరాబాద్ ప్రయాణం తప్పింది. నొప్పులు ఆగాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని పరీక్షలో తేలింది, దానివల్ల నొప్పులు ముందే రావచ్చట. మందులు వాడాను. నువ్వులకు ఏ పాపమూ తెలియదు.

మంచానికే అతుక్కుని ఉండనక్కర లేదు, ఇంట్లో తిరగవచ్చు. గొంతుకూర్చోవడం, బియ్యం టబ్బులు ఎత్తడం, పొయ్యి ముందు గంటలు గడపడం వద్దు. నీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా క్షణం ఆగకుండా రావాలి. ఇవీ నాకు పెట్టిన షరతులు.

ఇంతవరకు దేవుడు, డాక్టరు చూసుకున్నారు. నన్ను నిజంగా నలిపేసింది తర్వాతి సంగతి.

నేను ఇంటికి వచ్చానని తెలిసి, వేరే ఊళ్లో పిండివంటల యూనిట్ నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. నీ ఆర్డర్లన్నీ నేను చేయిస్తాను, నీ డబ్బాల్లో నీ లేబులే వేసి ఇస్తాను, నీ లాభం నీకుంటుంది అన్నాడు. నమూనా పంపాడు. బాగాలేదని చెప్పగలిగితే ఎంత తేలికయ్యేదో! బాగుంది. చుట్టలు సమానంగా ఉన్నాయి, విరిస్తే గుల్లగా విరిగాయి, వాము కూడా సరిపోయింది. మా ఆయన ఒప్పుకొమ్మన్నారు. అత్తమ్మ ఏమీ అనలేదు, కానీ రెండోసారి చేయి చాచి ఇంకొకటి తీసుకుంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మీ అడ్వాన్సుల్లో చాలా భాగం అప్పటికే నూనె డబ్బాలకు, నువ్వులకు, మిర్యాలగూడ నుంచి తెప్పించిన కొత్త బియ్యానికి పోయింది. తిరిగి ఇవ్వాలంటే చేతి నుంచి పెట్టుకోవాలి. ముందు కాన్పు ఖర్చుంది. ఇవన్నీ లెక్క వేసుకుంటూ పడుకుంటే, ఒప్పుకోవడమే తెలివైన పని అనిపించింది. తెల్లవారితే కాదనిపించింది. ఇలా ఎన్నిసార్లు మారానో మా ఇంట్లో వాళ్లను అడగండి.

చివరికి ఆయనకు ఒక షరతు పెట్టాను. డబ్బా మీద నీ పేరు వేయి, ఇవి ఫలానా వాళ్లు చేసినవని నేను మా వాళ్లకు చెబుతాను, ఇష్టమైన వాళ్లు తీసుకుంటారు అన్నాను. ఆయన నవ్వి, సకినం సకినమే కదమ్మా, ఎవరి చెయ్యో ఎవరు చూస్తారు అన్నాడు. అక్కడితో మాట ముగిసింది. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే గిర్నీకి పంపి, ఆ పిండిని ఆ రోజే బట్ట మీద చుట్టించే మనిషిని నేను. ఆ పిండి మరునాటికి పులుస్తుంది కాబట్టి రాత్రి ఎంత పొద్దుపోయినా లేచేవాళ్లం కాదు. ఎవరూ చూడరంటే ఇదంతా దేనికి చేసినట్టు? పైగా లేబుల్ మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబర్ నాది. అమెరికాలో ఉన్న మీ పిల్లలు డబ్బా విప్పి ఏదైనా అంటే జవాబు చెప్పాల్సింది నేను.

మాతో చుట్టే అక్కలు లేరా అని అడుగుతున్నారు. ఉన్నారు, నాకంటే బాగా చుడతారు. కానీ పండుగకు వాళ్లకూ ఇళ్లున్నాయి. మూకుడు దగ్గర నిలబడేది మా అత్తమ్మ, ఆవిడ ఇప్పుడు నన్ను కదలనివ్వకుండా కాపలా కాస్తోంది. పండుగ దాటాక అక్కలంతా కూర్చుని సారెలకు చేస్తామన్నారు. పెళ్లి ఆగదు కాబట్టి వాటికి సరేనన్నాను. కొత్త ఆర్డర్లు కాన్పు అయ్యి నేను లేచే దాకా తీసుకోను, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే.

డబ్బు ఈ వారం నుంచి వరుసగా మీ ఫోన్లకు వేస్తాం, పెద్ద మొత్తాలు ముందు. ఉంచుకో, తర్వాత తీసుకుంటాం అని కొందరు దయగా అన్నారు. వద్దు, తీసేసుకోండి. మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు మళ్లీ ఇవ్వండి.

పండుగకు సకినాలు లేకపోతే ఎలా అనే వాళ్లు అడిగితే ఆయన నంబర్ ఇస్తాను. చెప్పాను కదా, బాగున్నాయి. ఆయన పేరు మీదే కొనుక్కోండి.