తమ్ముడి కొత్త కాపురానికి పెనం

ఈడెన్ ప్రైరీ, మిన్నెసోటా
14-9-2025

అమ్మకు నమస్కారములు.

మేము ముగ్గురం ఇక్కడ క్షేమంగా ఉన్నాము. నువ్వు, నాన్నగారు, నాయనమ్మ క్షేమమని తలుస్తాను. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది. అందులో రాయదగిన విశేషం ఏమీ లేదు. మొన్న ఫోనులో నువ్వు అడిగిన దానికి బాబు అల్లరి మధ్య సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తమ్ముడూ మరదలూ కూకట్‌పల్లిలో కాపురం పెడుతున్నారని, దసరా తగ్గింపులో ఏడు వస్తువుల నాన్‌స్టిక్ సెట్టు కొని ఇద్దామనుకుంటే టీవీలో క్యాన్సర్ మాట విని భయం వేస్తోందని అన్నావు. తమ్ముడు ఆ సెట్టు ఫొటోలు నాకు పంపాడు. అన్నీ చూసి, ఆలోచించి రాస్తున్నాను.

అమ్మా, ఆ సెట్టు కొనవద్దు. 4,999 రూపాయలకు ఏడు వస్తువులంటే చవకగానే కనిపిస్తుంది కానీ, వాటిలో రోజూ పొయ్యి ఎక్కేవి రెండే. పప్పు కుక్కరులో ఉడుకుతుంది, పులుసూ చారూ స్టీలు గిన్నెలో కాగుతాయి, అవి అడుగంటే వంటలు కావు. అంటుకునేవి ఆమ్లెట్టు, పెసరట్టు, ఉప్మా, తక్కువ నూనెతో చేసే బెండకాయ వేపుడు, అంతే. అందుకు ఇరవై నాలుగు సెంటీమీటర్ల పెనం ఒకటి, కాస్త లోతైన మూకుడు ఒకటి విడివిడిగా కొంటే ఇద్దరికి సరిపోతుంది. అదే డబ్బు రెండు వస్తువుల మీద పెడితే మందమైనవి వస్తాయి. సెట్లలో ఇచ్చేవి చాలావరకు పలుచని రేకులు. అవి మంట తగిలిన చోట ఒక్కచోటే కాగి, పూత ముందుగా అక్కడే చచ్చిపోతుంది.

దుకాణానికి వెళ్ళినప్పుడు పెనాన్ని పిడి పట్టుకుని ఎత్తి చూడు. చేతికి బరువు తెలియాలి. అడుగు మందం కనీసం మూడు మిల్లీమీటర్లు ఉండాలి. హాకిన్స్ వాళ్ళ ఫ్యూచురా పెనాలకు మందం ఎంతో స్పష్టంగా చెబుతారు, మిగతావాటికి అడిగి తెలుసుకోవాలి. తర్వాత పెనాన్ని బోర్లించి, అడుగున నాన్నగారి స్కేలు ఆనించి చూడు. స్కేలు కింద సందు కనిపిస్తే అది పొయ్యి మీద కుదురుగా కూర్చోదు. తమ్ముడి ఫ్లాటులో గ్యాసుతో పాటు ఇండక్షన్ పొయ్యి కూడా ఉందన్నాడు కనుక, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళు. అది అడుగుకు గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ మీద పనికివస్తుంది. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు కూడా చూసి తీసుకో.

ధర మాటకు వస్తే, తమ్ముడు పంపిన ఫొటోల్లో 1,250 రూపాయల పెనం ఒకటి ఉంది; నా లెక్కకు అదే సరైనది. నాన్‌స్టిక్ పూత ఎంత ఖరీదైనదైనా రోజూ వాడితే రెండు మూడేళ్ళకు అరిగిపోతుంది. నాలుగు వేలు పెట్టి కొన్నదైనా అంతే కనుక, ఆ పెనాన్ని కొన్నేళ్ళకు మార్చుకునే వస్తువుగా చూడాలే తప్ప ఇత్తడి బిందెలాగా తరాలు నిలిచేదిగా చూడకూడదు. మరీ చవకైనది కొంటే ఆరు నెలలకే మార్చాలి, మరీ ఖరీదైనది కొంటే అరిగిపోయినా డబ్బు పెట్టామని పారేయడానికి మనసు రాదు. నాకు ఈ రెండోదే ఎక్కువ ప్రమాదంగా తోస్తుంది.

ఇక నీ భయం గురించి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. టెఫ్లాన్ పూత (మామూలు నాన్‌స్టిక్ పూత) ఉన్న పాత్రను ఖాళీగా పొయ్యి మీద ఉంచి 170 డిగ్రీలు దాటనిస్తే ప్రమాదమని, పూత అరిగితే పారేయమని అందులో చెప్పారు. ఇంకా వేడెక్కి 260 డిగ్రీలు దాటిన తర్వాత పూత చెడిపోవడం మొదలవుతుంది, 350 దాటితే వచ్చే పొగ మనుషులకు జ్వరం తెప్పిస్తుంది, పక్షులనైతే అంతకన్నా తక్కువ వేడికి వచ్చే పొగే చంపేయగలదు. మరదలు తన లవ్ బర్డ్స్ పంజరాన్ని వెంట తెచ్చుకుంటుందట కదా, దాన్ని వంటింటికి దూరంగా పెట్టమని నా మాటగా చెప్పు. ఇది మరచిపోకమ్మా. పిల్ల వాటిని ప్రాణంగా చూసుకుంటుంది.

డబ్బా మీద 'పీఎఫ్ఓఏ లేదు' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. పీఎఫ్ఓఏ అనేది ఆ పూత తయారీలో ఒకప్పుడు వాడిన రసాయనం. ఇక్కడి పెద్ద కంపెనీలు 2015 నాటికే దాన్ని మానేశాయి. ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన పూత టెఫ్లాన్ కాదని అర్థం కాదు. గ్రానైట్ అని అమ్మేవాటిలో కూడా చాలావరకు రాయిలా కనిపించేది చుక్కలే, పూత మామూలుదే. అందుకని ఆ మాటలకు అదనంగా డబ్బు పెట్టవద్దు.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. రెండున్నరేళ్ళ క్రితం సంక్రాంతి రోజుల్లో మనం ఫోనులో మాట్లాడుకుంటుండగా పొగ అలారం కూత పెద్దగా వినిపించి నువ్వు కంగారుపడితే, పక్కింట్లో ఏదో మాడిందని చెప్పాను. మాడింది మా ఇంట్లోనే. నువ్వు ఇనప పెనాన్ని కాల్చినట్టే నేనూ నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద వేడి మీద పెట్టి మాటల్లో పడ్డాను. నల్లని పూత మధ్యలో గోధుమరంగు మచ్చ కట్టి, ఘాటైన వాసన గొంతు పట్టుకుంది. బయట మంచు గడ్డకట్టి కిటికీలు తెరుచుకోలేదు. నాలుగు నెలల బాబును దుప్పటిలో చుట్టి మీ అల్లుడుగారు మెట్ల మీదికి తీసుకువెళ్ళారు, నేను బాల్కనీ తలుపు తీసి నిలబడ్డాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంత దూరం నుంచి నిన్ను భయపెట్టడం ఇష్టం లేక అబద్ధం చెప్పాను, క్షమించు. ఆ రోజు నుంచి నేను ఖాళీ పెనాన్ని పొయ్యి మీద పెట్టలేదు. ముందుగా నాలుగు చుక్కల నూనె వేసి, మధ్యస్థమైన వేడి మీదనే వండుతున్నాను.

పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరించే అలవాటు మనందరికీ ఉంది. ఈ పెనాల దగ్గర అది మానాలి. చుక్కలు ముత్యాల్లా పరుగెత్తే దాకా ఆగితే అప్పటికే వేడి మితిమీరినట్టే. వేడిగా ఉండగానే కుళాయి కింద పెట్టినా అడుగు ఉబ్బుతుంది. నా మొదటి పెనం అలాగే పాడైంది. నూనె మధ్యలో నిలవక అంచుల చుట్టూ చేరితే, ఆమ్లెట్టు నడుమ మాడి అంచుల దగ్గర పచ్చిగా ఉండేది. పోపు కూడా ఇందులో వద్దు, ఆవాలు చిటపటలాడేంత వేడి పోపు గరిటెకే వదిలేయాలి. చెక్క గరిటె వాడమను. అన్నిటికన్నా ముఖ్యం, తోమే ఆవిడకు ఈ పెనం వేయవద్దు. స్టీలు పీచు ఒక్కసారి తగిలితే చాలు, గీతలు పడతాయి. మెత్తని స్పాంజితో మరదలే అర నిమిషంలో కడుక్కోవచ్చు.

ఈ రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి టెఫ్లాన్, పీఎఫ్ఓఏల జాతి రసాయనాలు కలిపిన వంటపాత్రలను అమ్మకూడదని చట్టం వచ్చింది. కాలేయ క్యాన్సర్‌తో ఇరవయ్యేళ్ళకే చనిపోయిన అమారా స్ట్రాండ్ అనే అమ్మాయి పేరు దానికి పెట్టారు. ఆ పిల్ల ఓపిక లేని స్థితిలోనూ శాసనసభకు వచ్చి మాట్లాడింది. ఆమె ఆందోళన పెనం గురించి మాత్రమే కాదు, ఆ రసాయనాలు నేలలోనూ తాగే నీళ్ళలోనూ ఎప్పటికీ నశించకుండా ఉండిపోవడం గురించి. అది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఇక్కడ నాన్‌స్టిక్‌లో దొరికేది సిరామిక్ పూత పెనమే. ఫిబ్రవరిలో 45 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. మొదట్లో గుడ్డు దానంతట అదే జారేది, ఆగస్టు వచ్చేసరికి అతుక్కోవడం మొదలైంది. అంతకుముందు 28 డాలర్లకు కొన్న టెఫ్లాన్ పెనం రెండేళ్ళు వచ్చింది. సిరామిక్‌కు టెఫ్లాన్ పొగ భయం లేదు కానీ, ఆయుష్షు తక్కువ. తమ్ముడు అదే కావాలంటే వద్దనవద్దు, ఏడాదికొకసారి మార్చాలని మాత్రం ముందే చెప్పు.

నాన్నగారికి డాక్టరు నూనె తగ్గించమన్నారు కదా, మీ ఇంటికి కూడా ఒక చిన్న పెనం తీసుకో. ఆయన ఆమ్లెట్టుకు అర చెంచా నూనె చాలు. బెండకాయలు కడిగి, పొడిగా తుడిచి వేస్తే జిగురు కట్టకుండా వేగుతాయి. అడ్డం చెప్పకుండా తింటున్నారో లేదో రాయి.

దోసెలకు మాత్రం ఇనుమే. 2019లో నువ్వు సూటుకేసులో చీరల మధ్య పెట్టి పంపిన అమ్మమ్మ పెనానికి అడుగు గుండ్రం కావడంతో ఇక్కడి చదునైన అద్దం పలక పొయ్యి మీద నిలవలేదు. నేను టెనెసీలో తయారయ్యే లాడ్జ్ వాళ్ళ చదునైన పోత ఇనుము పెనం కొనుక్కుని, సగం ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుతూ, నెల రోజులకు దోసె చక్కగా లేచేలా చేసుకున్నాను. అమ్మమ్మ పెనం తుప్పు పట్టకుండా నూనె రాసి, పాత నూలు గుడ్డలో చుట్టి దాచాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని తెస్తాను, తమ్ముడి గ్యాసు పొయ్యి మీద అది కుదురుగా కూర్చుంటుంది. అంతవరకు దోసెపెనం కొనవద్దని వాళ్ళకు చెప్పు.

నాన్నగారికి, నాయనమ్మకు నా నమస్కారాలు. పెనం కొన్నాక అడుగు భాగం ఫొటో తీసి పంపించు.

ఇట్లు
నీ పెద్దమ్మాయి