డియెగో గార్సియా మడుగులో నీటిని ఎవరు పరీక్షించాలి?

సంపాదకులకు,

ఆర్యా,

హిందూ మహాసముద్రంలోని చాగోస్ ద్వీపాలను మారిషస్‌కు అప్పగించేందుకు బ్రిటన్ 2025 మే 22న సంతకం చేసిన ఒప్పందంపై మన పత్రికల్లో వచ్చిన వ్యాఖ్యలు చాలావరకు చైనా, అమెరికా, భారత్‌ల ఎత్తుగడల చుట్టూనే తిరిగాయి. ఆ ద్వీపాల్లో పెద్దదైన డియెగో గార్సియాను సైనిక స్థావరం కోసం బ్రిటన్ 99 ఏళ్ల కౌలుకు అట్టిపెట్టుకుంటుందని, అందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు చెల్లిస్తుందని చదివాం. ఆ స్థావరం అక్కడి సముద్రానికి చేసిన చెరుపు ఎంత, ఇకముందు దాన్ని ఎవరు కనిపెట్టి ఉంటారు అన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. నా దృష్టిలో సార్వభౌమాధికారం నిజమైనదా, కాగితం మీదిదా అన్నది తేలేది అక్కడే.

మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం ఇవ్వబోయే ముందు, 1965 నవంబరులోనే బ్రిటన్ చాగోస్‌ను విడదీసి తన కింద పెట్టుకుంది. మరుసటి ఏడాది అమెరికాతో స్థావరం ఒప్పందం కుదిరింది. కొబ్బరి తోటల్లో తరతరాలుగా పనిచేస్తూ అక్కడే పుట్టి పెరిగిన సుమారు 1,500 నుంచి 2,000 మందిని 1973 నాటికి ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపేశారు. వారి పెంపుడు కుక్కలను ఎండుకొబ్బరి ఆరబెట్టే కొట్టాల్లోకి తోలి, వాహనాల పొగ వదిలి చంపించారు. తర్వాత పగడపు దిబ్బలను పేల్చి, తవ్వి, ఆ పగడాన్నే పరిచి మూడున్నర కిలోమీటర్లకు పైబడిన రన్‌వే వేశారు. పెద్ద ఓడలు నిలిచేందుకు దిబ్బల నడుమనున్న మడుగును లోతు చేశారు.

ఇంత చేసిన బ్రిటన్ ప్రభుత్వమే 2010 ఏప్రిల్‌లో చాగోస్ చుట్టూ దాదాపు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, చేపల వేటను నిషేధించింది. డియెగో గార్సియాను, దాని చుట్టూ మూడు నాటికల్ మైళ్ల నీటిని మాత్రం అందులో కలపలేదు. స్థావరం సిబ్బంది సరదాకు గాలం వేసుకోవచ్చు గానీ, ఆ నేల మీద పుట్టినవాడు తిరిగొచ్చి వల వేసుకుని బతకడానికి వీల్లేదన్నమాట! రక్షిత ప్రాంతం ఏర్పడితే ద్వీపవాసులు తిరిగి వచ్చే దారి మూసుకుపోతుందని ఒక బ్రిటిష్ అధికారి అమెరికా దౌత్యవేత్తలతో అన్నట్టు తర్వాత బయటపడిన అమెరికా రహస్య పత్రంలో ఉంది. దురుద్దేశం ఉందన్న వాదనను బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదన్న మాట కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. అయితే మారిషస్ హక్కులను పట్టించుకోకుండా ఆ ప్రకటన చేయడం సముద్ర చట్టానికి విరుద్ధమని 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ఇక ఆ మడుగులో లంగరు వేసిన అమెరికా నౌకలు దశాబ్దాలుగా శుద్ధిచేసిన మురుగును, వాడిన నీటిని అందులోకే వదులుతున్నాయన్న సంగతి 2014లో గానీ లోకానికి తెలియలేదు. నైట్రోజన్, ఫాస్ఫేట్ పెరిగితే పగడాలకు హాని అని బడిపిల్లలకు కూడా తెలుసు.

పర్యావరణం సంగతి అటుంచితే, సొంత గడ్డ మీద ఏం జరుగుతోందో బ్రిటన్‌కే తెలియని సందర్భం ఒకటుంది. నిర్బంధితులను తరలించే అమెరికా విమానాలు డియెగో గార్సియాలో ఆగలేదని పార్లమెంటుకు పదే పదే హామీ ఇచ్చిన ప్రభుత్వం, 2002లో అలాంటివి రెండు దిగాయని 2008 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి డేవిడ్ మిలిబాండ్ నోట ఒప్పుకోవలసి వచ్చింది. అణ్వస్త్రాలున్న మిత్రదేశానికే ఆ గతి పడితే, పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న మారిషస్ మాట అక్కడ ఏపాటి చెల్లుతుంది? పొలాన్ని కౌలుకిచ్చిన రైతు కూడా అప్పుడప్పుడు గట్టు మీదికి వెళ్లి నేల ఎలా ఉందో చూసుకుంటాడు. ఆ మాత్రం హక్కు మారిషస్ శాస్త్రవేత్తలకు ఉండాలి. ఇతర ద్వీపాల్లో పునరావాసం కల్పించుకోవచ్చన్న ఒప్పందం డియెగో గార్సియాకు ఆ వీలు ఇవ్వలేదు. అక్కడ పుట్టినవారిని సంప్రదింపుల్లో ఒక పక్షంగా కూర్చోబెట్టనూ లేదు.

మనకెందుకీ గొడవ అనేవారు ఉండవచ్చు. మా జిల్లాలోని కోరంగి వంటి రేవుల నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువారి వారసులు నేటికీ మారిషస్‌లో ఉన్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. ఆ బంధుత్వాన్ని పక్కన పెట్టినా, హిందూ మహాసముద్రం శాంతి మండలం కావాలన్న 1971 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానాన్ని బలపరిచింది మనమే. 2019లో ఆ సమితి సర్వప్రతినిధి సభలో చాగోస్ విషయమై మారిషస్ పక్షాన ఓటేసిన 116 దేశాల్లోనూ మనం ఉన్నాం. తాజా ఒప్పందాన్ని స్వాగతించినప్పుడు, స్థావరం వదిలే వ్యర్థాల లెక్కలు ఏటా బయటపెట్టాలని కూడా మన విదేశాంగ శాఖ అడిగి ఉండవలసింది.

అడగాలంటే ముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి. మారిషస్‌కే చెందిన అగలేగా ద్వీపాల్లో భారత్ నిర్మించిన విమానాల రన్‌వేను, జెట్టీని 2024 ఫిబ్రవరి 29న ఇరు దేశాల ప్రధానులు ప్రారంభించారు. అది సైనిక స్థావరం కాదని రెండు ప్రభుత్వాలూ చెబుతున్నాయి. నేనూ నమ్మదలచుకున్నాను. కానీ అక్కడ నివసించేది కొన్ని వందల మంది, వారికీ బతుకుతెరువు కొబ్బరి, చేపలే. కాబట్టి ఆ నిర్మాణాల వల్ల తీరానికి, భూగర్భ జలాలకు ఏ మార్పు వచ్చిందో పరీక్షించి, ఫలితాలను మన పార్లమెంటు ముందు, అగలేగా వాసుల ముందు వారికి అర్థమయ్యే క్రియోల్ భాషలో ఉంచాలని మీ పత్రిక ద్వారా కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కాకినాడ