మావా, ముందు స్కూలు, తర్వాతే ఇల్లు

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్లో చెప్తే సగం అక్కడే వదిలేస్తావని తీరిగ్గా రాస్తున్నా, చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. తనకి బ్యాంకు గుంటూరు బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ రావడం, మీరంతా బెంగళూరు వదిలి ఇటు వచ్చేయడం నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. అమ్మ కూడా ఇన్నేళ్ళకి మన వైపు వస్తున్నారు. కానీ మీ అన్నయ్య విజయవాడ పక్కన పోరంకిలో ఫ్లాట్ చూశాడు, అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా అని రాశావు చూడు, అది మాత్రం ఇప్పుడే వద్దు. రూపాయి కూడా ఇవ్వకు.

పోరంకి మంచి చోటే, కాదనను. కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు అంతా బందరు రోడ్డు పొడుగునా స్కూళ్ళూ కాలేజీలే. ఏ వీధి చివర నిలబడినా ఏదో ఒక స్కూలు పసుపు బస్సు పోతుంటుంది. మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. కానీ చెల్లెమ్మ ఉద్యోగం గుంటూరులో రా. రోజూ పొద్దున్నే పోరంకి నుంచి బెంజి సర్కిల్ దాకా ఆ ట్రాఫిక్‌లో వచ్చి, వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని మీదుగా బ్యాంకుకి చేరాలంటే సుమారు 40 కిలోమీటర్లు. సాయంత్రం మళ్ళీ అంతే. నువ్వు ఇంట్లోంచే పని చేస్తావు సరే, కానీ పాప స్కూల్లో ఏం జరిగిందో వాళ్ళమ్మకి చెప్పాలనుకునే వేళకి ఆవిడ బెంజి సర్కిల్ దగ్గర బస్సులో నిలబడి ఉంటుంది. పిల్లల చదువు కోసమని తీసుకున్న ఇల్లు పిల్లలకి అమ్మని దూరం చేస్తే ఎలా?

నేను చెప్పేది ఒక్కటే. మీ పాప సైకిల్ మీద వెళ్ళి రాగలిగే స్కూలు ముందు వెతుకుదాం, ఇల్లు ఆ స్కూలు చుట్టుపక్కల చూద్దాం. ఇక్కడ అందరూ దీనికి తలకిందులుగా చేస్తున్నారు. ముందు వెంచర్లో ఫ్లాట్ కొనేస్తారు, ఆ తర్వాత ఏ స్కూలు బస్సు గేటు దగ్గరికి వస్తే ఆ స్కూల్లో వేసేస్తారు. ఆ బస్సేమో ఆరేడు కాలనీలు తిరిగి తిరిగి పోతుంది. కానూరులో మా మేనకోడల్ని తీసుకురావడానికి ఒక సాయంత్రం వెళ్ళాను, చీకటి పడుతోంది, స్టడీ అవర్ అయి పిల్లలు అప్పుడే బయటికొస్తున్నారు. ఒక పిల్లాడు ఏడో క్లాసు ఉంటాడేమో, వీపున ఒక బ్యాగు, ముందు ఇంకో బ్యాగు, చేతిలో తినకుండా మిగిలిపోయిన టిఫిన్ డబ్బా. బస్సెక్కి సీట్లో కూలబడి బ్యాగు తీయకుండానే కిటికీకి తల ఆన్చి నిద్రపోయాడు. ఇంటికెళ్ళి హోంవర్క్ చేయాలి వాడు. మన రోజుల్లో ఇంటర్‌లో చేరాక మొదలయ్యే హడావిడి ఇప్పుడు ఆరో తరగతికి దిగింది, ఐఐటీకి ఫౌండేషన్ అంటారు, ఒలింపియాడ్ అంటారు. ఐఐటీ వద్దని నేననడం లేదు. పదకొండేళ్ళ పిల్లకి నిద్ర, ఆట తీసేసి ఇచ్చేది చదువు కాదంటున్నా.

సరే, ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది నువ్వు అడగలేదు కానీ అన్నిటికంటే ముందు తెలుసుకోవాలి. పాప వచ్చే జూన్‌కి ఎనిమిదికి వస్తుంది కదా. ఇక్కడ ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులే దానికి ఆధారం. లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ పరీక్ష రాసే సంవత్సరంతో కలిపి వరసగా నాలుగేళ్ళు ఇక్కడే చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. మన కృష్ణా, గుంటూరు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోకి వస్తాయి. మిగతా 15 శాతంలో తల్లిదండ్రులు పదేళ్ళు ఇక్కడ ఉన్నారని చూపించి పోటీ పడొచ్చు, కానీ ఆ తలుపు ఇరుకు. అందుకని "పాప పదో తరగతి బెంగళూరులోనే పూర్తి చేసి వస్తే డిస్టర్బ్ కాదు" అని ఎవరైనా అంటే వినకు. ఎనిమిదిలో వచ్చేస్తే ఏ టెన్షనూ లేదు, కొత్త చోటు అలవాటు పడడానికి ఒక ఏడాది కూడా చేతిలో ఉంటుంది. బుడ్డోడిది రెండో తరగతేగా, వాడి గురించి బెంగ లేదు.

పాపకి తెలుగు రాయడం రాదని చెల్లెమ్మ భయపడుతోందన్నావు. కన్నడ చదువుతోంది కదా, ఆ అక్షరాలు చాలావరకు మనవాటిలాగే ఉంటాయి, ఒక వేసవిలో పట్టేస్తుంది, అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని రోజూ ఒక పేజీ పేపర్ చదివిస్తే చాలు. స్టేట్ సిలబస్ అయితే పదిలో తెలుగు పేపర్ తప్పదు. సీబీఎస్ఈ అయితే ఏ భాషలు ఇస్తున్నారో స్కూల్లో అడగాలి.

ఇప్పుడు ఊళ్ళ సంగతి. గన్నవరం వైపు, అంటే ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, నీకు ఎయిర్‌పోర్టు దగ్గరని మనసులో ఉన్నట్టుంది. నువ్వు ఎప్పుడో నెలకొకసారి ఎక్కే ఫ్లైటు కోసం మిగతా రోజులన్నీ రామవరప్పాడు రింగు దగ్గర ఆగిపోవడం ఎందుకు? అది వదిలేద్దాం. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు అద్దెలు తక్కువే, కానీ 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు ఆ పేటలన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, నువ్వు టీవీలో చూసే ఉంటావు. అదే వరదకి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, కరకట్టకి అటువైపు ఇళ్ళకీ నీళ్ళు తగిలాయి. మోకాళ్ళ నొప్పుల అమ్మకి గ్రౌండ్ ఫ్లోర్ కావాలంటావు కాబట్టి ఏ వీధిలో ఇల్లు చూసినా ఎదురింటివాళ్ళని అడుగు, అప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయని. బ్రోకర్ని కాదు.

గుంటూరులోనే ఉండిపోవడం ఒక దారి. విద్యానగర్, గోరంట్ల, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు బాగా పెరిగింది. గుంటూరుకి చదువు కొత్తేం కాదు, ఏసీ కాలేజీ 1885 నాటిది. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో సాయంత్రం నడుస్తుంటే ఇప్పటికీ మెట్లమీద కూర్చుని చదువుకునే పిల్లలు కనబడతారు. చెల్లెమ్మకి బ్యాంకు దగ్గరవుతుంది, అది చిన్న విషయం కాదు. శంకర్ విలాస్ దగ్గర పాత బ్రిడ్జి తీసి కొత్తది కడుతున్నారు కాబట్టి బ్యాంకుకీ స్కూలుకీ మధ్య రైలు పట్టాలు అడ్డం రాకుండా చూసుకోవాలి, అదొక్కటే. మిర్చి సీజన్లో యార్డు వైపు రోడ్ల మీద ఘాటు కూడా తెలుసుగా, అమ్మకి ఆయాసం ఉంది కాబట్టి ఆ పక్కకి వద్దు.

నా మాట అడిగితే మంగళగిరి. ఇక్కడ ఉంటున్నానని చెప్పడం లేదు, లెక్క చూసే చెప్తున్నా. విజయవాడ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, గుంటూరు ఇరవై. రైల్వే స్టేషన్ ఉంది, చెల్లెమ్మ ప్యాసింజర్లో వెళ్ళొచ్చు, లేదా హైవే మీద బస్సుకి కొదవే లేదు. అమ్మకి ఎయిమ్స్ దగ్గర. పానకాల స్వామి కొండ ఎదురుగా. ఇది వెంచర్ కాదు, నిజమైన ఊరు. పాత ఊళ్ళో మగ్గాల చప్పుడు ఇప్పటికీ వినబడే వీధులున్నాయి, పిల్లలు పుస్తకంలో కాకుండా కళ్ళతో ఒక పని ఎలా జరుగుతుందో చూస్తారు. అమరావతి పనులు 2025లో మళ్ళీ మొదలయ్యాక అద్దెలు పెరిగిన మాట నిజం. ఎండలు కూడా గట్టిగా ఉంటాయి, బెంగళూరు అలవాటైన వాళ్ళకి మొదటి మే నెల కష్టమే. అయినా నా ఓటు దీనికే. ఒక్క షరతు ఏంటంటే, హైవేకి ఒకే పక్కన ఇల్లూ స్కూలూ ఉండాలి. ఇది గట్టిగా చెప్తున్నా. ఇల్లు ఇటు, స్కూలు అటు అయితే ఎంత దగ్గరైనా వద్దు, పదహారో నంబరు హైవే మీద లారీల వేగం నీకు తెలుసు, పాపని సైకిల్ మీద దాన్ని దాటించే ధైర్యం నాకు లేదు.

స్కూలు ఎలా చూడాలో చెప్తా విను. రిసెప్షన్లో ఏసీ, గోడకి ర్యాంకుల ఫ్లెక్సీ, అవి చూడకు. అదే పేరు స్కూలు ఇంకో బ్రాంచిలో వచ్చిన ర్యాంకులు కూడా ఇక్కడి గోడకి పెడతారు. బ్రాంచిని నడిపేది ఆ బ్రాంచిలో టీచర్లు. కాబట్టి మీరు వెళ్ళినప్పుడు లెక్కల టీచరు ఎన్నేళ్ళ నుంచి ఉన్నారని అడగండి, "మంచి ఫ్యాకల్టీ సార్" అని జవాబొస్తే అది జవాబు కాదు. తర్వాత ఒక ఏడో తరగతి పిల్ల నోట్‌బుక్ చూపించమనండి. నేనలా రెండు చోట్ల అడిగాను. ఒకచోట ప్రతి పేజీకీ అడ్డంగా ఒక ఎర్ర టిక్కు, అంతే. బోర్డు మీద టీచరు రాసిన తప్పు స్పెల్లింగ్ యథాతథంగా పుస్తకంలో ఉంది, దాని మీద కూడా టిక్కు. రెండో చోట బిల్డింగు పాతది, సున్నం రాలుతోంది. నోట్‌బుక్‌లో ఒక భిన్నాల లెక్క పక్కన టీచరు చిన్న అక్షరాలతో రాశారు, "జవాబు కరెక్టే, కానీ మూడో మెట్టు ఎందుకు వదిలేశావు? రేపు నాకు చెప్పు" అని. కింద పెన్సిల్‌తో ఆ పిల్ల జవాబు కూడా ఉంది. మన పాప అలాంటి టీచరు దగ్గర కూర్చోవాలి రా, ఎన్ని ఎకరాల క్యాంపస్ అయితే మనకెందుకు.

"సీబీఎస్ఈ సిలబస్" అన్న బోర్డు చూసి మోసపోకండి. సిలబస్ చెప్పడం వేరు, గుర్తింపు ఉండడం వేరు. అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్ఈ సరస్ వెబ్‌సైట్లో కొట్టి చూడు, ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో కూడా అందులోనే తెలుస్తుంది. లేకపోతే పదిలో పిల్లల్ని ఇంకో స్కూలు పేరు మీద పరీక్ష రాయిస్తారు. సెక్షన్‌కి 40 మంది అన్నది సీబీఎస్ఈ నియమం, క్లాసులోకి తొంగి చూసి లెక్కపెట్టు. ఆట స్థలం ఎక్కడని అడిగితే మేడ మీదికి తీసుకెళ్ళారంటే అక్కడి నుంచే దిగి వచ్చేయండి. బుడ్డోడికి సైకిల్ వయసు కాదు, వాడికి బస్సో ఆటోనో తప్పకపోతే బస్సు ఫిట్‌నెస్ కాగితం చూపించమనడానికి మొహమాటపడకండి. ఫీజు మొత్తం, పుస్తకాలు, యూనిఫాం, బస్సుతో సహా, ఒక కాగితం మీద రాయించుకోండి. నోటి మాట జూన్‌లో మారిపోతుంది.

చెల్లెమ్మది ప్రభుత్వ బ్యాంకు కాబట్టి గుంటూరు కేంద్రీయ విద్యాలయానికి కూడా దరఖాస్తు పెట్టండి. రెండో తరగతి నుంచి పైకి ఖాళీ ఉంటేనే ఇస్తారు, దాని మీదే ఆశ పెట్టుకోకూడదు, కానీ ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం వాళ్ళకి అది వరం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళని కూడా ఒకసారి లోపలికెళ్ళి చూడు, చూడకుండా కొట్టేయకు. నాడు-నేడు పథకం కింద బాగుపడిన బళ్ళు ఉన్నాయి, కొన్నిచోట్ల టీచర్లు నిజంగా గొప్పవాళ్ళు.

సంక్రాంతికి వద్దాం అన్నావు, రండి, అరిసెలు తిందాం, కానీ స్కూళ్ళు చూడ్డానికి అది పనికిరాదు, అన్నీ మూసుంటాయి. పండగ అయ్యాక ఇంకో రెండు రోజులు ఉండేలా టికెట్ చేసుకో, బళ్ళు తెరిచాక మామూలు రోజున, చెప్పకుండా, సాయంత్రం వదిలే వేళకి వెళ్దాం. పాపని కూడా తీసుకెళ్దాం, దానికి నచ్చాలి. ఒక ఏడాది అద్దెకుందురుగాని, కొనడం తర్వాత.

ఈలోపు అక్కడ నువ్వు చేయాల్సినవి. పిల్లలిద్దరి ఆధార్‌లో పేరు, స్కూల్ రికార్డులో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయో లేదో చూడు, ఇంటిపేరు దగ్గరే తేడా వస్తుంది. పాత స్కూల్లో టీసీతో పాటు ఇప్పటిదాకా చదివిన తరగతులకి స్టడీ సర్టిఫికెట్లు, పిల్లల పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత నంబరు) తీసుకో, స్కూలు పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో వాళ్ళు పిల్లల పేర్లు విడుదల చేస్తేనే ఇక్కడ ఎక్కించుకోగలరు. ఇక్కడ చాలా సీబీఎస్ఈ స్కూళ్ళు ఏప్రిల్‌లోనే కొత్త క్లాసు మొదలుపెడతాయి, స్టేట్ వాళ్ళది జూన్ 12, కాబట్టి పాప పరీక్షలు ఎప్పటికి అవుతాయో కనుక్కుని నాకు రాయి. మంగళగిరిలో హైవేకి పడమర పక్క రెండు స్కూళ్ళు నా మనసులో ఉన్నాయి, మా ఆవిడ ఈ వారం వెళ్ళి నోట్‌బుక్కులు చూసొస్తానంది. మీ అన్నయ్యతో నేను మాట్లాడతాలే, ఆ పోరంకి ఫ్లాట్ ఓనరుకి ఇప్పుడే కాదని ఈ రాత్రికే చెప్పించెయ్.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
మావ