చెరువు కట్ట మీది మాట రేడియోలో వినిపించిన వేళ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. వెంటనే జవాబు రాయనందుకు కోప్పడకు. ఈ పది రోజులూ నేను ఒక అరగంట రేడియో ముచ్చట వెనకే తిరిగాను, ఆ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక చిన్న సామాజిక రేడియో కేంద్రం వారు చుట్టుపక్కల బస్తీల సమస్యల మీద వారం వారం సంభాషణలు ప్రసారం చేస్తున్నారు. మా చెరువు గురించి మాట్లాడేవారు కావాలని అడిగితే, వీధి చివర కూరగాయలు అమ్మే పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ చెరువు ఒకప్పుడు ఎంత వరకు ఉండేదో, వానకాలంలో నీళ్లు ఏ దారిన దిగేవో ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. రికార్డింగు మొదలైన నిమిషానికే సంభాషణ నడిపే అతను, "కాస్త మంచి తెలుగులో చెప్పండమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కానీ ఆమె గొంతు అక్కడే పట్టేసింది. రెండు ముక్కలు పుస్తకాల భాషలో చెప్పబోయి, ఒళ్లో చేతులు ముడుచుకుని కూర్చుండిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

రికార్డింగు ఆపమని, ఆమెను ఒక్కటే అడిగాను: "పెద్దమ్మా, బతుకమ్మను ఏడ సాగనంపేటోళ్లు?" ఆమె కళ్లు మూసుకుని, "తూము కాడ, బిడ్డా. కట్ట మీదికెళ్లి పాడుకుంట పోయి నీళ్లల్ల ఇడిసేటోళ్లం. ఇప్పుడు ఆ తూము మీదనే మడిగెలు లేసినయి" అన్నది. మడిగెలంటే దుకాణాలు. మళ్లీ రికార్డు చేయమని నేను సైగ చేసేలోపే అతను మీట నొక్కేశాడు. ఆ తరువాత ఆమె మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు, ఎక్కడ దుంకేదో, కాలువ ఎటు వంపు తిరిగేదో బల్ల మీద వేలితో గీస్తూ చెప్పుకుపోయింది. 2020 అక్టోబరులో వచ్చిన వరదకు మా వీధిలో నడుముల లోతు నీళ్లెందుకు నిలిచాయో ఒక్క మాటలో తేల్చేసింది: "నీళ్లు తమ తొవ్వ మర్వలే, మనమే మర్చినం." ఆ మాట తరువాత చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనాన్ని కత్తిరించబోతే నేను అడ్డుపడ్డాను. చివరికి నాలుగు సెకన్లు మిగిల్చారు. మాట బరువు వినేవారికి అందేది ఆ నాలుగు సెకన్లలోనే.

ఇలాంటి కేంద్రాలకు సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదని నీకు తెలుసు కదా, అందుకే మనుషుల మాటలే వాటికి ప్రాణం. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకునే అవకాశం 2006లో గానీ రాలేదు. ఆ తరువాత రెండేళ్లకు, 2008 అక్టోబరు 15న, జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. కొర్రలు, సామలు, పచ్చజొన్నల గురించి తమ ఊరి యాసలో వాళ్లు చెప్పుకునే ముచ్చట్లను ఎవరూ దిద్దరు. 1935లోనే రేడియో కేంద్రం వెలసిన మన హైదరాబాదులో, ఒక బస్తీ మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి భాష మార్చుకోమనడం నన్ను నిజంగా బాధించింది. చిన్నప్పుడు రేడియోలో వచ్చే కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం అనే పాత్రలు మాట్లాడుకుంటుంటే మీ నాన్నగారు భోజనం చేస్తూ చేయి ఆపి మరీ వినేవారు, గుర్తుందా? అవి ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్లుండే మాటలు కాబట్టే ఆయన అలా వినేవారు.

మొన్న ప్రసారమైనప్పుడు పెద్దమ్మ కూరగాయల బండి దగ్గరే ఫోనులో రేడియో పెట్టాము. తన గొంతు తానే విని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కన పాలు పోసే ముసలాయన, తూము పేరు వినగానే, తాను అక్కడే ఈత నేర్చుకున్నానని చెప్పడం మొదలుపెట్టాడు. వచ్చే ఆదివారం ఆయనను తీసుకువెళుతున్నాను. ఈసారి భాష సంగతి ముందే మాట్లాడుకున్నాము. సంభాషణ నడిపే అతను తనంతట తానే, "వారి మాటలోనే కానివ్వండి" అన్నాడు.

నువ్వు దసరాకు వచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురా. మీ పాత ఇంటి బావి గురించి ఆవిడ చెప్పేవన్నీ రికార్డు చేయాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

నీ
బాల్యమిత్రుడు