వార్షిక నివేదిక: మౌన వేలం, తూర్పు గోడ చిత్రం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ సంవత్సరం కార్యవర్గం ప్రతి నెలా సమావేశమైంది. గ్రంథాలయం ఎప్పటిలాగే సాయంత్రాలు తెరిచి ఉంది. పైకప్పు కారుతున్న చోట మరమ్మతు పూర్తయింది. సభ్యత్వ రిజిస్టరును మొదటి పేజీ నుంచి సరిచూసి తిరగరాశాం. వీటి వివరాలు నెలవారీ నోటీసుల్లో మీకు అందినవే కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం మన భవనం తూర్పు గోడ మీద రూపుదిద్దుకుంటున్న కుడ్యచిత్రం గురించి, దానికి డబ్బు సమకూర్చడానికి జరిపిన మౌన వేలం గురించి. మన సంఘం చందాలు చాలాసార్లు వసూలు చేసింది గానీ వేలం ఎన్నడూ వేయలేదు. ఏమి చేశామో, ఎందుకలా చేశామో, ఎక్కడ పొరబడ్డామో వివరంగా రాసి ఉంచితే రేపు వచ్చే కార్యవర్గానికి పనికొస్తుంది.

గోడ మీద ఏమి వేయాలి

గత సర్వసభ్య సమావేశంలో మన సభ్యురాలైన డ్రాయింగ్ టీచరు ఈ ప్రతిపాదన తెచ్చారు. గోడ పొడవునా మన సభ్యుల చేతులు మాత్రమే ఉండాలని, ముఖాలు వద్దని ఆమె అన్నారు. సూదిలోకి దారం ఎక్కిస్తున్న చేతులు, సుద్దముక్క పట్టుకున్న చేయి, స్పానరు బిగిస్తున్న చేయి, పసిబిడ్డను జోకొడుతున్న చేయి. ముఖం ఎవరిదో గుర్తుపట్టగానే చూపు అక్కడే ఆగిపోతుందని, చేయి అయితే అది చేస్తున్న పని కనబడుతుందని ఆమె చెప్పిన మాట అందరికీ నచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఖర్చు అంచనా చూశాక మాత్రం చాలామంది ఆశ్చర్యపోయారు. రంగులకయ్యే ఖర్చు కంటే గోడను సిద్ధం చేసే ఖర్చే ఎక్కువ. పెచ్చులూడుతున్న పాత పూతను చెక్కేసి కొత్తగా సిమెంటు పూత వేయాలి. కొత్త సిమెంటులో క్షారగుణం చాలా ఎక్కువ. అది ఆరకముందే రంగు వేస్తే పట్టు నిలవదు, లోపలి తేమతో పాటు లవణాలు బయటికి వచ్చి గోడంతా తెల్లగా ఉప్పు తేలుతుంది. అందుకని 28 రోజులు ఆగి, క్షారాన్ని తట్టుకునే ప్రైమరు వేసి, ఆపైన అక్రిలిక్ రంగులు వాడాలని నిర్ణయించాం. ఎండ తగిలే గోడ కాబట్టి రంగుల ఎంపికలోనూ జాగ్రత్త పడ్డాం. మిలమిలలాడే కొన్ని ఎరుపులు, గులాబీలు కొన్నేళ్లకే వెలిసిపోతాయి. జేగురు, పసుపు మట్టి వంటి ఇనుప ఆక్సైడు రంగులు నిలుస్తాయి. ఇండోనేషియాలోని సులావేసి దీవిలో ఒక గుహ గోడ మీదున్న చేతి గుర్తు కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో పరిశోధకులు లెక్కగట్టారు. మనిషి గోడ మీద గీసిన తొలి బొమ్మల్లో తన చేయి కూడా ఉందని ఆ రోజు సమావేశంలో టీచరు చెప్పినప్పుడు, ఖర్చు ఎలా తగ్గించాలా అన్న చర్చ అంతటితో ఆగి, డబ్బు ఎలా తేవాలన్న చర్చ మొదలైంది.

వేలం ఎందుకు, అదీ మౌనంగా ఎందుకు

చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగడం మనకు అలవాటైన పద్ధతి. పుస్తకం మొదటి పేజీలో ఎవరెంత రాశారో చూసి, అంత ఇవ్వలేని వాళ్లు మొహమాటపడతారు. ఇచ్చే మనసున్నా మళ్లీ రమ్మంటారు. ఈసారి ఆ ఇబ్బంది ఎవరికీ కలగకూడదని కార్యవర్గం గట్టిగా అనుకుంది.

మన భాషలో వేలాన్ని పాట అంటాం. పాట పాడటం, పాట పెంచడం, హెచ్చు పాట, పాటదారు... అన్నీ గొంతుతో ముడిపడిన మాటలే. ఒకటోసారి, రెండోసారి అని కేక వేస్తుంటే పదిమంది ముందు గొంతెత్తగలిగిన వాళ్లే పాడతారు. మౌన వేలంలో ఆ కేక ఉండదు. ప్రతి వస్తువు ముందూ ఒక కాగితం, ఒక పెన్సిలు ఉంటాయి. కావాలనుకున్నవారు ఆ కాగితం మీద తాము ఇవ్వదలచిన ధర రాస్తారు. ఇంకొకరు దాని కింద అంతకంటే ఎక్కువ రాస్తారు. గడువు ముగిసేసరికి చివరి వరుసలో ఎవరుంటే వస్తువు వారిది.

మేము ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. కాగితం మీద పేర్లు రాయించలేదు. గుమ్మం దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య వేసిన చీటీ ఇచ్చాం. ఏ సంఖ్య ఎవరిదో కోశాధికారి రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి ఏ సమావేశంలోనూ నోరు తెరవని సభ్యులు ఆ సాయంత్రం చీటీ పట్టుకుని బల్లల చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగారు. నా మటుకు నాకు ఈ వేలంలో అన్నిటికంటే సంతోషం కలిగించిన దృశ్యం అదే.

సభ్యులు ఏమిచ్చారు

మొదటి నోటీసుకు ఎక్కువగా ఇంట్లో వాడకుండా పడి ఉన్న వస్తువులు వచ్చాయి. గోడ గడియారాలు, గాజు సామాను, పెట్టె విప్పని బహుమతులు. వాటినీ కృతజ్ఞతతోనే తీసుకున్నాం. అయితే చేతుల బొమ్మ కోసం వేలం వేస్తూ చేతిపని లేకపోతే ఎలా అని ఒక సభ్యుడు గుర్తుచేశారు. రెండో నోటీసులో "మీ చేతికి వచ్చిన పనిని ఇవ్వండి" అని రాశాం. చినిగిన బట్టలు ఆనవాలు తెలియకుండా రఫ్ఫు చేసిపెట్టే ఒక పూట, సైకిలును పూర్తిగా విప్పి మళ్లీ బిగించడం నేర్పే ఒక ఆదివారం, పెద్దలకు ఫోను వాడకం నేర్పే నాలుగు గంటలు, ఇంట్లో చెల్లాచెదురుగా ఉన్న పాత ఫొటోలను వరుసలో పెట్టి ఆల్బం కట్టిచ్చే మాట, చేత్తో రాసిన ఒక పద్యం వచ్చాయి.

పద్యం దగ్గర కార్యవర్గంలో చర్చ జరిగింది. దాన్ని ఎవరూ కొనకపోతే రాసినవారికి చిన్నతనమవుతుందని కొందరు వెనకాడారు. అప్పుడు మా ఉపాధ్యక్షురాలు అమెరికాలోని స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) సంగతి చెప్పారు. ఆ విగ్రహం పీఠానికి డబ్బు చాలక 1883లో కళాఖండాలు, రాతప్రతులు వేలానికి పెట్టినప్పుడు ఒక కవయిత్రి అందుకోసమే పద్నాలుగు పాదాల కవిత రాసిచ్చారు. ఆమె మరణించాక 1903లో అదే కవితను కంచు ఫలకం మీద చెక్కించి ఆ పీఠంలోనే అమర్చారు. 1885లో ఒక పత్రిక పిలుపునిస్తే అదే పీఠానికి లక్షమందికి పైగా చందాలిచ్చారని, వాటిలో ఎక్కువ భాగం డాలరు కంటే తక్కువేనని కూడా ఆమె చెప్పారు. పద్యం బల్ల ఎక్కింది. దానికి ఏడు పాటలు వచ్చాయి.

ప్రారంభ ధర నిర్ణయించడం మేము అనుకున్నంత తేలిక కాలేదు. ఇలాంటి వేలాల్లో సాధారణంగా బజారు విలువలో 30 నుంచి 50 శాతం మధ్య మొదలుపెడతారు. మేము 40 శాతం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పాటకు కనీస పెంపు ఎంతో కాగితం మీదే అచ్చు వేశాం. పెంపు చిన్నదైతే కాగితం నిండుతుంది గానీ ధర కదలదు. పెద్దదైతే రెండో మనిషి ముందుకు రాడు. ప్రారంభ ధరలో పదో వంతు దగ్గర పెట్టిన పెంపు బాగా కుదిరింది. బజారు విలువ లేని సేవలకు మాత్రం ఇచ్చినవారినే అడిగి ధర రాశాం. వాళ్లంతా తమ పనికి మరీ తక్కువ చెప్పారు. వచ్చేసారి ఆ ధరను కార్యవర్గమే నిర్ణయించాలని నా సూచన.

ఆ సాయంత్రం

హాలులో మూడు బల్లలు వేశాం. రఫ్ఫు పని కాగితం అందరికంటే ముందు నిండి, వెనక్కి తిప్పి రాయాల్సి వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు నా ముందుంది. 17వ సంఖ్య దాని మీద ఐదు సార్లు కనబడుతుంది. మొదటి రెండూ సన్నగా, తర్వాతివి ఒత్తి రాసినవి. చివరిసారి పెన్సిలు మొన కాగితాన్ని చీల్చింది. ఆ పని చేస్తానన్న సభ్యురాలు కొంచెం దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని, తన ఒక పూట కుట్టుపనికి ఇంత పోటీయా అని పక్కవారిని మళ్లీ మళ్లీ అడిగారు.

ఇంకో మూల జరిగింది కూడా రాయాలి. ఒక సభ్యుని కుమారుడు తాను చేసిన మట్టి పిట్టను ఇచ్చాడు. దాన్ని మూడో బల్ల చివర, తలుపు రెక్క వెనక పెట్టాం. అక్కడ వెలుతురు సరిగా లేదు, తలుపు తెరిచినప్పుడల్లా బల్ల కనబడదు. పిల్లవాడు గంటసేపు దాని పక్కనే నిలబడ్డాడు. కాగితం ఖాళీగానే ఉండిపోయింది. కార్యవర్గ సభ్యుల్లో ఎవరైనా పాట రాసి ఉండవచ్చు కదా అని తర్వాత కొందరు అడిగారు. నిర్వాహకులు పాడకూడదన్నది మేమే పెట్టుకున్న నియమం, అది సరైనదే. తప్పు బల్ల పెట్టిన చోటులో ఉంది. మరునాడు నేను, అధ్యక్షుడు ఆ ఇంటికి వెళ్లి పిల్లవాడికి ఆ మాటే చెప్పి పిట్టను తిరిగి ఇచ్చాం. ఇకపై పిల్లల పనులన్నీ గుమ్మానికి ఎదురుగా ఉన్న మొదటి బల్ల మీదే పెట్టాలని తీర్మానించాం.

చివరి నిమిషం

ఫిర్యాదు వచ్చింది గడువు ముగిసిన తీరు మీదే. మొదటి బల్ల దగ్గర గంట కొట్టేసరికి మూడో బల్ల దగ్గర ఒకరు రాస్తున్నారు, ఇంకొకరు పెన్సిలు కోసం చేయి చాచి ఉన్నారు. అక్కడి గడియారం ఇంకా నిమిషం మిగిలి ఉన్నట్టు చూపిస్తోంది. ఇలాంటప్పుడు ఏమి చేయాలో ముందుగా రాసిపెట్టుకోలేదు. కాగితం మీద పూర్తిగా రాసి ఉన్న పాటనే ఖాయం చేశాను. రెండోవారు నొచ్చుకున్నారు, అది న్యాయమే. ఆ లోపం నాది, వారికి ఇక్కడ కూడా క్షమాపణ చెబుతున్నాను.

ఇది పాత సమస్యేనని తర్వాత చదివితే తెలిసింది. పదిహేడో శతాబ్దపు లండన్‌లో కొవ్వొత్తి ముక్క వెలిగించి, అది ఆరేలోపు చివరగా పాడినవారికి ఓడలను కట్టబెట్టేవారు. శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ అధికారి 1662లో తన దినచర్యలో ఒక పాటదారు కిటుకు రాసుకున్నాడు: మంట ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుంది, అది చూసి అతడు సరిగ్గా ఆ క్షణాన పాట పాడేవాడట. ఈబే వంటి ఇంటర్నెట్ వేలాల్లోనూ గడువు ఒక నిర్ణీత క్షణానికి ముగుస్తుంది కాబట్టి ఆఖరి క్షణాల్లో పాటలు పోటెత్తుతాయి. ఆఖర్లో పాట వస్తే గడువు దానంతట అదే పెరిగే చోట ఆ ఎగబడటం తక్కువని ఆర్థికవేత్తలు గమనించారు. మనమూ అదే పద్ధతి పెట్టుకుందాం. బల్లలు పది నిమిషాల తేడాతో ఒక్కొక్కటే ముగియాలి. చివరి రెండు నిమిషాల్లో పాట పడిన కాగితానికి ఇంకో రెండు నిమిషాలు ఇవ్వాలి. ముగియగానే కార్యకర్త చివరి వరుస కింద ఎర్రగీత గీసి సంతకం చేయాలి. ప్రతి కాగితానికీ రెండు పెన్సిళ్లు ఉండాలి.

మూసిన కవర్లు

గోడ చిత్రానికి టీచరు గీసిన తొలి నమూనాను మాత్రం కాగితం మీద పాటకు పెట్టలేదు. కావలసినవారు తమ ధరను కవరులో పెట్టి అంటించి ఇవ్వాలి. అందరికంటే ఎక్కువ రాసినవారు గెలుస్తారు, కానీ చెల్లించేది రెండో పెద్ద ధర. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో ఈ పద్ధతిని విశ్లేషించారు, 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఎదుటివాడు ఎంత రాస్తాడో అని లెక్కలు వేయనక్కరలేదు. గెలిచినవారు చెల్లించేది సొంత అంకె మీద ఆధారపడదు కాబట్టి, తన మనసులో ఆ వస్తువుకు ఉన్న విలువను ఉన్నదున్నట్టు రాయడమే మేలు.

మొదటి ధరకూ రెండో ధరకూ మధ్య ఉన్న తేడాను సంఘం ఎందుకు వదులుకుందని ముగ్గురు సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు. సొంత ధరే చెల్లించాల్సి ఉంటే ఎవరూ కవరులో అంత రాసి ఉండేవారు కాదని నా జవాబు. పద్ధతిని సభ్యులకు ముందుగా ఇంకా బాగా వివరించి ఉండాల్సింది, అది ఒప్పుకుంటాను.

లెక్కలు

ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి నివేదికలో ఉంది. పాట కాగితాలన్నీ, ఖాళీగా మిగిలిన ఒక్కదానితో సహా, ఫైలులో భద్రంగా ఉన్నాయి. ఏ సభ్యుడైనా కార్యాలయ వేళల్లో చూడవచ్చు. సంఖ్యల రిజిస్టరు మాత్రం చూపించం. గెలిచి తీసుకోని వస్తువులు రెండు మిగిలితే, వారం ఆగి, తర్వాతి పాటదారుకు అడిగి ఇచ్చాం. సేవల్లో మూడు ఇంకా జరగాల్సి ఉంది. వాటిని పాడుకున్నవారు దయచేసి నన్ను కలవండి, ఇద్దరికీ వీలైన రోజు చూసి కుదురుస్తాను.

గోడ ఇప్పుడు

పూత ఆరింది, ప్రైమరు పడింది. నమూనాను గళ్లుగా విభజించి, గోడ మీదా అన్ని గళ్లే వేశాం. రంగు పొడి అద్దిన దారాన్ని ఇద్దరు పిల్లలు రెండు కొసలా బిగించి పట్టుకుంటే మూడోవారు మధ్యలో లాగి వదిలేవారు; గోడ మీద తిన్నని గీత పడేది. ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో జట్టు పెద్దది చేసి గీసింది. కుడి సగానికి రంగులు పూర్తయ్యాయి. మట్టి పిట్ట చేసిన పిల్లవాడు మట్టి పిసుకుతున్న తన చేతుల ఫొటో ఇచ్చాడు. అది ఎడమ సగంలో, మూడో వరుసలో వస్తుంది.

రంగులు పూర్తిగా ఆరాక ఎండను తట్టుకునే వార్నిషు రెండు పూతలు వేయాలి. ఎడమ సగంలో ఇంకా నాలుగు చేతులకు చోటుంది. ఇప్పటివరకు ఫొటో ఇవ్వనివారు, ముఖ్యంగా "మా చేతుల్లో ఏముంది" అని వెనక్కి తగ్గినవారు, ఈ నెలాఖరులోపు ఇవ్వండి. ఫొటో తీసుకునే వీలు లేకపోతే సాయంత్రం గ్రంథాలయానికి రండి, టీచరు అక్కడే మీ చేయి చూసి గీస్తారు. వచ్చేటప్పుడు మీ పనిముట్టు కూడా తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి